తాత పేరుకు బహువచనం

ఆ ఇంట్లో భోజనాల వేళ పేరు పెట్టి పిలిస్తే నాలుగు తలలు ఒక్కసారే పైకి లేస్తాయి. ఒకటి తాతది. తక్కిన మూడూ మనవలవి.

తాత పేరు మనవడికి పెట్టుకోవడం ఎక్కడైనా ఉన్నదే. కాకపోతే ఎక్కడైనా ఒకడికి పెట్టి ఊరుకుంటారు. ఇక్కడ పెద్దకొడుకు పెట్టాడు. నేనేం తక్కువ తిన్నానా అని రెండోవాడూ పెట్టాడు. కూతురు పుట్టింటి మీద ప్రేమకొద్దీ, పుట్టింటివారి తాళాల కొట్టు మీద ఇంకాస్త ప్రేమకొద్దీ తన కొడుక్కీ అదే పెట్టింది. తాత ఎవరినీ వద్దనలేదు. తన పేరు ఎంతమంది మోస్తే తాను అంత ఎత్తున ఊరేగుతానని ఆయన నమ్మకం.

పని జరగాలి గనక వీధి ఆ ముగ్గురికీ వేరే పేర్లు పెట్టుకుంది. పెద్దకొడుకు కొడుకు పొడుగు. కూతురి కొడుకు బొద్దు. రెండోవాడి కొడుకు కళ్ళజోడు. తాత ఎదుట మాత్రం ఆ మాటలు పలకకూడదు. పలికితే, "వాడికి పేరు లేదా?" అని కన్నెర్రజేస్తాడు. ఉంది. ఉండడమే చిక్కు.

మూడో కొడుకు దూరపు లారీలు నడుపుతాడు. ఇంట్లో కన్నా దారిలోనే ఎక్కువ కనిపిస్తాడు. అతని భార్యను ఇంట్లోనూ వీధిలోనూ చిన్నకోడలు అంటారు. ఆవిడ తన కొడుక్కి తన తండ్రి పేరు పెట్టుకుంది. "ఆ పేరు ఇంట్లో సరిపడా ఉంది కదా మావయ్యా" అందట, పురిటి మంచం మీద నుంచే. బిడ్డ నడక నేర్చాడు, మాట నేర్చాడు, బడికీ వెళ్తున్నాడు. 'సరిపడా' అన్న మాట మాత్రం తాత గొంతులో ఇప్పటికీ ముల్లులా ఉంది.

అయితే ముల్లున్న గొంతుతోనే రోజూ ఆవిడ చేతిపని తినవలసి వచ్చింది. తాత చేతికి వణుకు పట్టాక ఆకురాయి ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా. పొడుగుకి చేతికి నలుపంటితే పడదు. బొద్దుకి నిలబడితే పడదు. కళ్ళజోడు కళ్ళకీ లోకానికీ మధ్య ఎప్పుడూ ఒక ఫోను ఉంటుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడానికి ముగ్గురూ సిద్ధమే, చెట్టుకి నీళ్ళు పోయమంటేనే నడుము పట్టేస్తుంది. అలా చిన్నకోడలు బల్ల దగ్గరికొచ్చింది. తాతే నేర్పాడు. తిడుతూ నేర్పాడు, అంటే శ్రద్ధగా నేర్పాడని అర్థం.

ఆ బల్ల కొట్టు ముందు భాగంలో, కిటికీ పక్కన ఉంటుంది. తాళంచెవి కదలకుండా పట్టుకునే ఇనుప వైసు దానికి బిగించి ఉంటుంది. పళ్ళు కోయని తాళంచెవిని వైసులో పెట్టి, వెలుతురుకి ఎదురుగా పట్టి, పన్ను పన్నుకీ ఆకురాయి లాగి, ఊది, మళ్ళీ చూస్తుంది ఆవిడ. పొద్దున కొట్టు తీసేది ఆవిడే, సాయంత్రం మూసేదీ ఆవిడే. ఇంట్లో ఆవిడ ఒకరికి వదిన, ఒకరికి పిన్ని, ఒకరికి అత్త, అందరికీ మంచినీళ్ళు అందించే చెయ్యి. ఆ బల్ల దగ్గర మాత్రం ఎవరికీ ఏమీ కాదు, పని తెలిసిన మనిషి, అంతే. ఆ బల్ల పోతే తనకంటూ మిగిలేది ఏమీ లేదని ఆవిడకి తెలుసు. ఎవరితోనూ అనలేదు. అంటే ముందు అదే తీసేస్తారని కూడా ఆవిడకి తెలుసు.

వీధి చివర కొత్తగా పెద్ద ఫ్లాట్లు లేచాయి. వాటి సెక్రటరీ ఒక సాయంత్రం కొట్టు ముందు ఆగి, మొత్తం ఫ్లాట్లన్నిటి తాళాల పనీ ఎవరికో ఒకరికి అప్పగించాలనుకుంటున్నామని, ఒకసారి వచ్చి చూస్తానని అన్నాడు. పోతూ పోతూ, "మా వాళ్ళకి మీ బోర్డు చదవడం రాదండీ. ఇంగ్లీషులో ఉంటే బాగుండేది" అన్నాడు.

మరునాడే కొట్టులో సభ కూడింది. తాత కుర్చీలో. పొడుగు, బొద్దు, కళ్ళజోడు తలో వైపు. గుమ్మంలో బోర్డులు రాసే అతను, రంగు డబ్బాతో. కిటికీ దగ్గర చిన్నకోడలు, వైసులో ఒక తాళంచెవితో. ఆవిణ్ణి ఎవరూ సభకి పిలవలేదు. ఆవిడ ముందునుంచీ అక్కడే ఉంది.

"ఇంగ్లీషులో అయితే తాతా, నీ పేరు చివర ఒక్క ఎస్ తగిలిస్తే చాలు. అందరం వచ్చేస్తాం" అన్నాడు పొడుగు.

"ఒక్క అక్షరానికే?"

"ఒక్క అక్షరానికే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేంరా!" అన్నాడు తాత. "మన 'వారు' లాంటిదన్నమాట."

"అంతే తాతా."

అంతే కాదు. మన 'వారు' ఒంటరి మనిషికైనా పెడతాం. మర్యాద ఉంటే చాలు, రెండో మనిషి అక్కర్లేదు. ఆ ఎస్ కి మర్యాదతో పనిలేదు. అది తలలు లెక్కపెడుతుంది. కానీ తాతకి గౌరవం, గుంపు ఒకటే కనక తేడా కనబడలేదు.

తాత పేరుని ఇంగ్లీషులో రాస్తే చివర వై వస్తుంది. బొద్దుకి అక్కడ అనుమానం తగిలింది. "వై తీసేసి ఐ ఈ ఎస్ పెట్టాలేమో తాతా. బడిలో అలాగే చెప్పారు."

"నా పేరులో అక్షరం తీసేస్తావా?" తాత కుర్చీలోంచి సగం లేచాడు.

మేడ మీద ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే మాస్టారు ఉన్నారు. కేకేస్తే దిగి వచ్చారు. ఎవరైనా ఏదైనా అడగాలే గాని, ఆయన తిండి మానేసి చెబుతారు.

"అది వస్తువులకి నాయనా" అన్నారు బొద్దుతో. "మనిషి పేరు జోలికి పోకూడదు. పేరుకి తోక తగిలించొచ్చు గాని ఒళ్ళు కొయ్యకూడదు. వై అలాగే ఉంచి పక్కన ఎస్. పేరు ఎస్ తోనే ముగిసేవాళ్ళయితే ఈ, ఎస్ రెండూ పెట్టుకోవాలి. మీకా బాధ లేదు. ముందు 'ది' పెట్టండి, చివర ఎస్ పెట్టండి, మధ్యలో మీరుండండి."

"పద్ధతి తెలిసిన భాష" అన్నాడు తాత, తృప్తిగా కూర్చుంటూ.

"ఇక కొట్టు మీది అని తెలియాలంటే పైన ఒక చుక్క కావాలి. తోకున్న చుక్క."

"ఎక్కడ?"

"ఎస్ కి ముందు పెడితే ఒక్కడిది. తరవాత పెడితే అందరిదీ."

సభలో తలలన్నీ తాత వైపు తిరిగాయి. రోడ్డు మీద ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ముందు పెట్టు" అన్నాడు తాత.

"తరవాత పెట్టాలి తాతా. అందరం వచ్చాక చుక్క ముందెలా వస్తుంది? వ్యాకరణం ఒప్పుకోదు" అన్నాడు పొడుగు.

"వ్యాకరణం నా కొట్టులో ఎప్పుడు పనికి కుదిరిందిరా? మీరందరూ రండి. కొట్టు మాత్రం నాది. చుక్క ముందు పెట్టు."

"మావయ్యలిద్దరూ, మా అమ్మా ఊరుకోరు తాతా" అన్నాడు బొద్దు. నిజానికి వాళ్ళమ్మ ఒక్కతే ఊరుకోదు.

చుక్క ముందుకీ వెనక్కీ చాలాసేపు తిరిగింది. చివరికి బోర్డులు రాసే అతను విసిగిపోయి, "గొడవెందుకండీ, అటూ ఇటూ కాకుండా ఎస్ నెత్తిమీద పెట్టేస్తాను. చదివేవాడి ఇష్టం" అన్నాడు. మాస్టారు నోరు తెరిచారు. ఆ వేళకి తాతా మనవలూ ఒప్పేసుకుని సున్నంకొట్టిన గోడలా తెల్లగా నవ్వుతున్నారు. ఆయన నోరు మూసుకున్నారు.

అప్పుడు ఆకురాయి చప్పుడు ఆగింది.

"మాస్టారూ" అంది చిన్నకోడలు, తల తిప్పకుండానే. "ఆ ఎస్ లో నేనూ మా అబ్బాయీ ఉన్నామా?"

మాస్టారు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు. "అంటే... ఇంటిపేరైతే ఇంటిల్లిపాదీ వచ్చేస్తారమ్మా, ఆడా మగా పిల్లా జెల్లా. ఇది తాతగారి సొంత పేరు. ఆ పేరున్నవాళ్ళే వస్తారు."

"లేమన్నమాట."

"వ్యాకరణం ప్రకారం, అమ్మా."

"నేనూ వ్యాకరణం ప్రకారమే అడిగాను" అంది. ఆకురాయి మళ్ళీ కదిలింది.

తాతకి ఆ ప్రశ్నలో 'సరిపడా' అన్న పాత మాట వినిపించిందో ఏమో, కుర్చీ ఆవిడ వైపు తిప్పాడు. "అమ్మాయ్, ఒక మాట. బోర్డు మీద ఉన్నవాళ్ళు ముందు కూర్చోవాలి. ఫ్లాట్లవాళ్ళొచ్చి మీరెవరని అడిగితే, ఆ బోర్డు మేమే అనగలగాలి. నువ్వు అనలేవు కదా. సోమవారం బోర్డు ఎక్కిస్తున్నాం. ఆ రోజే నీ బల్ల వెనక గదిలోకి మార్పిస్తాను. ఇక్కడ సోఫా వేద్దాం, పిల్లలు కూర్చుంటారు."

"వెనక వెలుతురు లేదు మావయ్యా."

"దీపం పెట్టిస్తా."

వెనక గదిలో అట్టపెట్టెలూ, తుప్పు పట్టిన గొళ్ళేలూ, ఒక పాత కూలరూ ఉంటాయి. అక్కడికి మనిషి వెళితే ఏదో తేవడానికే. ఉండడానికి ఇంతవరకూ ఎవరూ వెళ్ళలేదు.

"అలాగే" అంది చిన్నకోడలు.

ఆవిడ 'అలాగే' అంటే సరేనని కాదు. విన్నాను అని.

బోర్డు మారుతున్నప్పుడు తలుపు మాత్రం పాతదెందుకని పొడుగు పట్టుబట్టాడు. షట్టరు తీయించి గాజు తలుపు పెట్టించాడు. దానికి, మూస్తే తానే పడిపోయి, వేలు పెడితేనే తెరుచుకునే తాళం. "తాళాల కొట్టుకే పాత తాళమంటే నవ్వుతారు తాతా" అన్నాడు. నవ్వే యోగం వీధికి ఉంది గనక తాత ఒప్పుకున్నాడు.

ఆదివారం సాయంత్రం వేళ్ళు నేర్పించే కార్యక్రమం జరిగింది. కళ్ళజోడు ఫోనులోంచి చేయించాడు. "ముందు పేరు కొట్టమంటోంది తాతా. ముద్దుపేరైనా పర్లేదట. ఎవరిది వాళ్ళకి తేడాగా ఉంటే మంచిదట."

"ముద్దుపేర్లేమిట్రా వెధవ ముద్దుపేర్లు! యంత్రానికైనా మన అసలు పేరు తెలియాలి."

తాత పేరు కొట్టారు, తాత వేలు పెట్టాడు, పచ్చదీపం వెలిగింది, తలుపు తెరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత పొడుగు. అదే పేరు కొట్టారు.

"ఈ పేరు ఇదివరకే ఉంది, దాని చోట దీన్ని ఉంచమంటారా అంటోంది" అని చదివాడు కళ్ళజోడు.

"ఉంచమను. ఎందుకుంచదు!" అన్నాడు పొడుగు.

అవును నొక్కారు. పచ్చదీపం, తలుపు, చప్పట్లు. బొద్దుకీ అదే ప్రశ్న వచ్చింది, అదే జవాబు వెళ్ళింది. ఆఖరికి కళ్ళజోడు తన వేలు తాను పెట్టుకున్నాడు. ఎవరి వేలు పెట్టగానే వాళ్ళు ఒకసారి తెరిచి చూసుకుని మురిసిపోయారు. వెనక్కి వచ్చి మళ్ళీ పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడు. తనది పనిచేశాక పక్కవాడిది ఎలా ఉందో చూసే అలవాటు ఆ పేరుకి లేదు.

"పిన్నిది కూడా పెట్టనా తాతా?" అన్నాడు కళ్ళజోడు, అడగాలి గనక.

"బోర్డులో ఉన్నవాళ్ళందరివీ పెట్టేశాం కదా" అన్నాడు తాత.

చిన్నకోడలు కొంగు కొసన ముడేసిన షట్టరు తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టింది. ఇక ఆ షట్టరూ లేదు, ఆ చెవికి పనీ లేదు. యంత్రం చెడితే వాడుకోవడానికి కంపెనీవాడు ఒక చిన్న ఇనుప చెవి ఇచ్చాడు. దాన్ని తాత జాగ్రత్తగా కొట్టు లోపలి సొరుగులో పెట్టాడు. బయట ఉంటే దొంగల పాలవుతుందని.

కళ్ళజోడు స్నేహితులతో పక్క ఊరు వెళుతున్నానని, పొద్దున్నే వచ్చేస్తానని చెప్పి వెళ్ళాడు.

సోమవారం పొద్దున బోర్డు ఎక్కింది. తాత పేరు, పక్కన ఎస్, ఎస్ నెత్తిమీద చుక్క, దూరం నుంచి చూస్తే అక్షరానికి జలుబు చేసి బొట్టు కారుతున్నట్టుంది. తాత ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చాడు. పొడుగూ బొద్దూ మెరిసే బూట్లతో వచ్చారు. చిన్నకోడలు రోజూ వచ్చే వేళకే, రోజూ తెచ్చే పరికరాల సంచీతో వచ్చి ఎదురు వైపు గొడుగులు బాగుచేసే అతని పక్కన నిలబడింది.

తాత వేలు పెట్టాడు. ఎర్రదీపం.

వేలు పంచెకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. ఎర్రదీపం.

"ఆకురాయి పట్టీ పట్టీ నీ వేలు అరిగిపోయింది తాతా. జరుగు" అని పొడుగు పెట్టాడు. ఎర్రదీపం.

"మరి నీదో?" అన్నాడు తాత. "నువ్వేం పట్టావని అరిగింది?"

బొద్దు పెట్టాడు. ఎర్రదీపం. ఎడమచేతిది పెట్టాడు. యంత్రం మీద మొహం కూడా ఆనించి చూశాడు, చూస్తుందేమోనని. కళ్ళజోడుకి ఫోను చేశారు. స్విచాఫ్.

చివరికి పొడుగు తాళం కంపెనీకి ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు. అవతల ఒక అమ్మాయి. ఎవరి పేరు మీద ఉందండీ అని అడిగింది. చెప్పాడు.

"ఆ పేరుతో ఒక్కరే ఉన్నారండీ."

"నలుగురం ఉన్నామండీ."

"ఒక్కరే ఉన్నారండీ."

"చివర ఎస్ పెట్టి చూడమను" అన్నాడు బొద్దు, పక్కనుంచి.

"ఎస్ తో ఎవరూ లేరండీ. ఒక పేరుకి ఒక మనిషే సార్. అదే పేరుతో ఇంకొకరిని పెడితే ముందున్నవారు పోతారు. ఉంచమంటారా అని అడిగింది కదా, మీరు అవును నొక్కారు. ఆఖరికి పెట్టినవారి వేలు ఒక్కటే పనిచేస్తుంది. లేకపోతే మా ఇనుప చెవి వాడండి. అది మీ దగ్గరే ఉంటుంది సార్."

దగ్గరే ఉంది. గాజు తలుపులోంచి సొరుగు కూడా కనిపిస్తోంది.

అంటే పొడుగు వచ్చి తాతని చెరిపాడు, బొద్దు వచ్చి పొడుగుని చెరిపాడు, కళ్ళజోడు వచ్చి బొద్దుని చెరిపి, ఊరు వెళ్ళి నిద్రపోయాడు. అందరూ చప్పట్లు కొడుతుండగానే.

సరిగ్గా అప్పుడే ఫ్లాట్ల సెక్రటరీ వచ్చాడు, చేతిలో సంచీ, అందులో ఏదో తాళం. బోర్డు కేసి తలెత్తి చూశాడు.

"ఆ పైన చుక్కేమిటండీ?"

"డిజైను" అన్నాడు పొడుగు.

"బాగుంది. తెరవండి, కూర్చుని మాట్లాడదాం."

"తెరుస్తాం" అన్నాడు పొడుగు. "తెరుస్తాం" అన్నాడు బొద్దు. తలుపు ఏమీ అనలేదు. ఈలోగా పక్కనున్న మందుల షాపు అమ్మాయి తన గుమ్మంలోకి వచ్చింది. మేడ మీద కిటికీలోంచి మాస్టారి తల కనిపించింది. తాళాల కొట్టువాళ్ళు తాళం తీయలేక బయట నిలబడ్డారన్న వార్త ఆ వీధికి చాలా కాలానికి దొరికిన పండంటి వార్త.

తాత వెనక్కి తిరిగి రోడ్డుకవతల ఉన్న చిన్నకోడల్ని చూశాడు. "అమ్మాయ్, నిలబడి చూస్తావేం? వచ్చి తియ్యి."

ఆవిడ వచ్చింది. తలుపు ముందు ఆగింది. సంచీ విప్పలేదు.

"పద్ధతి ప్రకారం తీస్తాను మావయ్యా" అంది.

ఆ కొట్టుకి ఒక పద్ధతి ఉంది. తాత పెట్టిందే. తాళంచెవి పోయింది వచ్చి తీయమని ఎవరు పిలిచినా, తలుపు ముందు నిలబడి ఇది ఎవరిదని గట్టిగా అడగాలి. జవాబు పిలిచినవాడు చెప్పకూడదు. నాదేనని దొంగ కూడా చెబుతాడు. ఎదురుగా ఉండేవాళ్ళు చెప్పాలి. అదీ ఒక్క మనిషిని చూపించి చెప్పాలి. వాళ్ళదండీ అంటే సంచీ విప్పకూడదు, 'వాళ్ళు' అన్న చొక్కా ఎవడికైనా సరిపోతుంది. పెద్ద పెద్ద ఆఫీసర్లని కూడా తాత ఈ పద్ధతి కోసం ఎండలో నిలబెట్టాడు. వీధివీధంతా తమ ఇళ్ళ తాళాలు నమ్మకంగా ఆ కొట్టుకి ఇచ్చేది అందుకే.

"పరాయివాళ్ళకి పెట్టిన పద్ధతి మనకేమిటే!" అన్నాడు తాత.

"నేను బోర్డులో లేను కదా మావయ్యా. పరాయిదాన్నే." ఆవిడ రోడ్డు వైపు తిరిగింది. గొంతెత్తింది. "ఇది ఎవరి కొట్టు?"

"నాది!" అన్నాడు తాత.

"మీరు చెప్పకూడదు."

"ఆ మాట పెట్టింది నేను!"

"అందుకే."

తాత పళ్ళు కొరికి గొడుగులతని వైపు చూశాడు. "ఏమయ్యా, నోట్లో దారం పెట్టుకున్నావా? చెప్పు!"

గొడుగులతను సగం కుట్టిన గొడుగు పట్టుకుని లేచి నిలబడి, తాత పేరు చెప్పాడు.

"ఏ మనిషి, అన్నా? చూపించు" అంది చిన్నకోడలు.

అతను గొడుగు ఎత్తి చూపించబోయాడు. పొడుగు చొక్కా కాలరు సర్దుకున్నాడు. బొద్దు ఒక అడుగు ముందుకి వేశాడు. గొడుగు కొన తాత మీద నుంచి పొడుగు మీదకీ, అక్కణ్ణుంచి బొద్దు మీదకీ వెళ్ళి, భయపడి కిందికి దిగిపోయింది.

"నన్నిరికించకండి బాబూ" అన్నాడతను. "నాకు ఇంగ్లీషు రాదు, ఆ చుక్క అసలే రాదు. పొద్దున్న నేను పెట్టె దించుకునే వేళకి ఈ తలుపు ఎవరు తీస్తున్నారో వాళ్ళదే అనుకుంటా. మా ఇంటి గొళ్ళెం ఊడితే మా ఆవిడ, చిన్నకోడలి కొట్టుకి తీసుకుపో అంటుంది. నేననలేదు తాతా. మా ఆవిడంది."

"మేమూ అంతేనండీ" అంది మందుల షాపు అమ్మాయి. "చిన్నకోడలి కొట్టు అంటేనే తెలుస్తుంది. పేరు చెబితే ఏ ఆయనా అని అడుగుతారు."

సెక్రటరీ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య. మా వాచ్‌మన్ చిన్నకోడలి కొట్టు అనే చెప్పాడండీ. ఈ కొత్త బోర్డూ గాజు తలుపూ చూసి వేరే చోటికి వచ్చానేమో అనుకుంటున్నా."

గొడుగు కొన ఈసారి తడబడకుండా చిన్నకోడలి వైపు నిలబడింది.

తాత తలెత్తాడు. బోర్డు కేసి చూశాడు. దాని మీద తన పేరు ఉంది, తన మనుషులున్నారు, ఎవరి వైపూ మొగ్గని చుక్క ఉంది. దాని కింద మూసిన తలుపు ఉంది. కాదు పొమ్మంటే అనొచ్చు. కానీ వీధి నడిమధ్యలో, కొత్త ఫ్లాట్ల మనిషి ఎదురుగా, తన పద్ధతిని తానే తప్పితే రేపటి నుంచి ఆ కొట్టు మాట నమ్మి తలుపు తీయించుకునేవాడు ఉండడు. అది తాతకి ఆ వీధిలో అందరికన్నా బాగా తెలుసు.

"పొరుగువాడు చెప్పాడు, మనిషిని చూపించాడు" అన్నాడు చివరికి, ఎటో చూస్తూ. "పద్ధతి అయిపోయింది. తియ్యి."

చిన్నకోడలు మోకాళ్ళ మీద కూర్చుంది. యంత్రం కింది అంచున చిన్న మూత ఉంది. దాన్ని గోటితో తీస్తే ఇనుప చెవి పెట్టే రంధ్రం. సంచీలోంచి సన్నని కొక్కెం తీగలు రెండు తీసి అందులో పెట్టి, తన చెవిని తలుపుకి ఆనించింది. పొడుగు పైనుంచి, ఎడమవైపు తిప్పు పిన్నీ అన్నాడు. బొద్దు, కుడివైపేమో అన్నాడు.

"వెలుతురుకి అడ్డం తొలగండిరా ఇద్దరూ" అన్నాడు తాత. తానూ పక్కకి తప్పుకున్నాడు.

ఆవిడ చాలాసేపు కూర్చుంది. ఒకసారి తీగ జారింది, మళ్ళీ పెట్టింది. నుదుటి చెమట భుజానికి తుడుచుకుంది. లోపల ఎక్కడో టిక్కుమంది. తలుపు ఊపిరి వదిలినట్టు కదిలింది.

అప్పుడు కళ్ళజోడు వచ్చాడు, ఆవులిస్తూ. గుంపుని తోసుకుని ముందుకొచ్చి, అలవాటుగా యంత్రం మీద వేలు పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. "బాగానే ఉందిగా! ఇంతమంది దేనికి నిలబడ్డారు?" అన్నాడు. మేడ మీద కిటికీ మెల్లగా మూసుకుంది.

అందరూ లోపలికి వచ్చారు. సెక్రటరీ కూర్చోవడానికి చోటు వెతుక్కుంటున్నాడు. పొడుగుకి సభనాటి ఆజ్ఞ గుర్తొచ్చింది. బొద్దుని పిలిచాడు. ఇద్దరూ చెరో వైపు పట్టి కిటికీ పక్కనున్న బల్ల లేపారు. ఆ బల్ల వాళ్ళు లేపడం అదే మొదటిసారి, బరువెంతో తెలియక బొద్దు మొహం ఎర్రబడింది. చిన్నకోడలు సంచీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తాత వైపు చూస్తూ ఉంది.

"ఎక్కడికిరా అది?" అన్నాడు తాత.

"వెనక గదిలోకి. నువ్వే కదా తాతా చెప్పావు."

"నేనా?"

"నువ్వే."

తాత ఒకసారి సెక్రటరీ వైపు చూశాడు, ఒకసారి గుమ్మం వైపు చూశాడు. పంచె సర్దుకున్నాడు.

"ఈ ఇంట్లో ఆ పేరు గలవాళ్ళం నలుగురం ఉన్నాం" అన్నాడు. "ఎవడు చెప్పాడో వాణ్ణే అడుగు. నేను చెబుతున్నాను, ముందు బల్ల దించు. కిటికీకి దగ్గరగా. ఇంకా దగ్గరగా."

దించారు. చిన్నకోడలు వచ్చి సంచీ బల్ల మీద పెట్టింది. సెక్రటరీ చేతిలోంచి అతను తెచ్చిన తాళం తీసుకుని వైసులో బిగించి, వెలుతురులోకి వంగి చూసింది.

"ఇది ఎన్నాళ్ళుగా బిగుసుకుపోయిందండీ?" అని అడిగింది.